అక్కకి అతికించిన నూట పద్నాలుగు చిరునవ్వులు

నవలల్లో నచ్చని మనిషి ఒక్కడు కూడా ఉండకూడదు. ఇది నా అభిప్రాయం కాదు, నా ఉద్యోగం!

నవ్వకండి. మీరే చెప్పండి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీరు భరిస్తున్న మనుషులు చాలరా? ఆఫీసులో మీ పై అధికారి ఉన్నాడు. ఇంట్లో మీ నెత్తిమీద, అంటే పై అంతస్తులో, సరిగ్గా మీరు నడుం వాల్చగానే కుర్చీలు ఈడ్చే మహానుభావుడు ఉన్నాడు. క్యూలో మీ ముందు అరగంట నిలబడి, తీరా కౌంటరు దగ్గరికి వచ్చాక సంచీలో కాగితాలు వెతుక్కునే ఆవిడ ఉంది. ఇంతమందిని పళ్ళబిగువున భరించి, ఇంటికొచ్చి, కాళ్ళు బార్లా చాపుకుని ఒక పుస్తకం తెరిస్తే అందులోనూ అలాంటివాళ్ళే ఎదురవ్వాలా? ఇదెక్కడి న్యాయం?

అందుకే మా ప్రచురణ సంస్థ మూడేళ్ళ కిందట ఒక మంచి పనికి పూనుకుంది. పాత్రల మరమ్మతు విభాగం అని ఒకటి తెరిచింది. అందులో ఉన్నది నేనొక్కణ్ణే. అంతకుముందు పన్నెండేళ్ళు అదే ఆఫీసులో ప్రూఫులు దిద్దాను. అచ్చుతప్పులు ఏరినవాడికి మనుషుల్లో తప్పులు ఏరడం ఒక లెక్కా అని మా పెద్దాయన నన్ను నమ్మి కుర్చీ వేశాడు.

నన్నే ఎందుకు నమ్మాడంటారా? చెప్పుకోకూడదు గానీ, మా ఆఫీసులో నేనంటే గిట్టనివాళ్ళు లేరు. ఎవరేం చెప్పినా తలూపుతాను. ఒకే సంగతి మీద ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఇద్దరికీ తలూపుతాను. అందుకు ఫలితం కూడా దక్కింది. "మీ చొక్కా ఎంత బాగుందండీ" అని లిఫ్టులో కలిసిన ప్రతివాళ్ళూ అంటారు. "మీరు నిలబడే తీరులోనే వినయం ఉట్టిపడుతుంది" అంటుంది మా రిసెప్షనిస్టు. ఆఫీసు గ్రూప్ ఫోటోలు ఏవి చూసినా నేను ఎడమ పక్కకి కాస్త ఒరిగి, పక్కవాళ్ళ మాట శ్రద్ధగా వింటున్నట్టే ఉంటాను. అందరికీ నచ్చేవాడే కదా పాత్రల్ని అందరికీ నచ్చేలా చేయగలడు!

ఇక పని ఎలా జరుగుతుందో వినండి. రాతప్రతి రాగానే జిరాక్సులు తీయించి పదకొండుమంది మచ్చు పాఠకులకి ఇస్తాం. వాళ్ళ చేతిలో రెండు రకాల స్టిక్కర్లు ఉంటాయి. పాత్ర ముద్దొచ్చిన చోట పచ్చది అంటిస్తారు. ఒళ్ళు మండిన చోట ఎర్రది. ఏ పాత్ర మీదైనా ఎర్ర స్టిక్కర్లు యాభై దాటాయా, ఆ పాత్ర నా బల్ల మీదికి వచ్చేస్తుంది.

మా మచ్చు పాఠకులు సామాన్యులు కారు. వాళ్ళలో రిటైరైన జీవశాస్త్రం మాస్టారికి అబద్ధాలాడే పాత్రలు పడవు. పళ్ళ డాక్టరుగారి భార్యకి నిజాలు చెప్పే పాత్రలు పడవు. ఇద్దర్నీ ఒకేసారి మెప్పించాలంటే పాత్ర అసలు నోరు మెదపకూడదు. అలా నోరు మెదపని పాత్రలు ఇప్పటికి నలభై దాకా మా దగ్గర తయారయ్యాయి. ఒక్కదాని మీదా ఫిర్యాదు లేదు.

పోయిన ఏడాది ఒక డిటెక్టివ్ నవల వచ్చింది. అందులో హంతకుడికి ఏకంగా రెండువందల ఎర్ర స్టిక్కర్లు! ఏం చేశాడని? హత్య! పాపం, అతనిలో మిగతా విషయాలన్నీ బాగానే ఉన్నాయి. నేను అతని జోలికి పెద్దగా వెళ్ళకుండా ఒకే ఒక మంచి అలవాటు నేర్పాను. ఎవరింటికి వెళ్ళినా ముందు ఫోన్ చేసి వెళ్ళడం. దాంతో చావాల్సినవాడు విషయం గ్రహించి ఊరు విడిచి పోయాడు. డిటెక్టివ్ పన్నెండో పేజీలో వచ్చి, ఏం జరగలేదని తెలుసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. నవల అయిపోయింది. "ఏకబిగిన చదివించింది" అని పాఠకులు ఐదు స్టార్లు ఇచ్చారు!

ఇంకో నవలలో హీరోయిన్ మీద అసూయతో కుతకుతలాడిపోయే స్నేహితురాలు ఒకతి ఉండేది. నేను అసూయ తీసేసి దుమ్ము ఎలర్జీ పెట్టాను. హీరోయిన్ గదిలోకి రాగానే ముఖం ఎర్రబడటం, కళ్ళల్లో నీళ్ళు తిరగడం, మాట పెగలకపోవడం, విసురుగా బయటికి పోవడం... ఒక్క వాక్యం కూడా మార్చాల్సిన పని పడలేదు!

తాగొచ్చి ఇంట్లో గిన్నెలు విసిరే తండ్రి మాత్రం నన్ను ముప్పుతిప్పలు పెట్టాడు. సీసాలో మందు పారబోసి పాలు పోశాను. పాలు తాగినవాడు గిన్నెలెందుకు విసురుతాడని మాస్టారికి సందేహం వచ్చింది. ఆలోచించి ఆలోచించి గిన్నెలు తీసేసి దిండ్లు పెట్టాను. ఇప్పుడది పిల్లల పుస్తకంగా బ్రహ్మాండంగా పోతోంది.

ఇంత చరిత్ర ఉన్న నా బల్ల మీదికి పోయిన చలికాలంలో అక్క వచ్చింది.

అక్క అంటే నా అక్క కాదు. ఒక రాతప్రతిలో అక్క. రాసినావిడ ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే టెక్నీషియన్. యాభై రెండేళ్ళ మనిషి. పదకొండేళ్ళ పాటు, ఒక పేషెంటు వెళ్ళి ఇంకొకరు వచ్చేలోగా దొరికే ఐదేసి నిమిషాల్లో, పాడైపోయిన ఎక్స్‌రే కవర్ల వెనక రాసుకుందట ఆ నవల. ఆవిడకి అదే మొదటిది. "రెండోది ఉండదండి, నాకు ఉన్నది ఒక్క అక్కే" అంది మొదటి రోజే. నేను యథాప్రకారం తలూపాను.

కథ క్లుప్తంగా ఇది. తల్లిదండ్రులు పోయేనాటికి అక్కకి పందొమ్మిదేళ్ళు, చెల్లెలికి తొమ్మిది. వీధి గదిలో ఒక కుట్టు మిషను. అక్క దర్జీ పని చేసి చెల్లెల్ని పెంచింది. ఇంతవరకు విన్నారా, కళ్ళు చెమర్చడానికి సిద్ధపడ్డారా? ఆగండి. ఆ అక్క నోరు తెరవనంత సేపే బాగుంటుంది.

మొదటి పేజీలోనే ఒక పెద్దమనిషి ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి కొలతల చీటీ ఇస్తాడు. అక్క చీటీ చూసి, ఆయన పొట్ట చూసి, "ఇవి మీ కొలతలు కావండి, మీ పెళ్ళప్పటివి" అంటుంది. తొమ్మిదేళ్ళ చెల్లెలు మొదటిసారి దిండు గలేబు కుట్టి, ఎగురుకుంటూ తెచ్చి చూపిస్తుంది. అక్క దాన్ని తిరగేసి చూసి, కుట్లు కోసే చిన్న కత్తి చేతిలో పెట్టి, "విప్పు" అంటుంది. నవల మొత్తం మీద ఆవిడ ఎక్కువసార్లు పలికిన మాట అదే. విప్పు. లెక్కపెట్టాను, అరవై మూడు సార్లు!

చెల్లెలికి జ్వరం వస్తుంది. పక్కన కూర్చుని తల నిమరాలా వద్దా? ఈవిడ కుట్టు మిషను ఈడ్చుకొచ్చి మంచం పక్కనే వేసుకుని, మూడు రోజులు ఆపకుండా టకటకమని తొక్కుతుంది. జ్వరమొచ్చిన పిల్ల చెవి దగ్గర మిషను చప్పుడు! మా మచ్చు పాఠకుల్లో ఈత నేర్పే కోచ్ ఒకడున్నాడు, చీమకి కూడా హాని తలపెట్టడు. అతను ఆ పేజీలో ఎర్ర స్టిక్కర్లు అయిపోతే ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టాడు.

ఇక ఎనభై ఏడో పేజీ. చెల్లెలికి పందొమ్మిదేళ్ళొచ్చాయి. ఎక్కడో దూరాన పెద్ద ఊళ్ళో ఎక్స్‌రే కోర్సులో సీటొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి రైలు. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానక్కా" అంటుంది. అక్క ముందు స్కూలు యూనిఫారాల గుట్ట ఉంది. ముప్పై. తలెత్తదు. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, దుమ్మొస్తుంది" అంటుంది. అంతే! స్టేషనుకి రాదు. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని, రైలు కదిలి ప్లాట్‌ఫారం అయిపోయేదాకా కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూనే ఉంటుంది.

ఆ పేజీకి పదకొండుమందీ ఎర్రది అంటించారు. "ఈవిడా ఒక అక్కేనా? రాయి కూడా కరుగుతుంది!" అని పళ్ళ డాక్టరుగారి భార్య మార్జిన్‌లో రాసింది. మొత్తం మూడువందల పన్నెండు ఎర్ర స్టిక్కర్లు. హంతకుడి కంటే నూట పన్నెండు ఎక్కువ! మా విభాగం రికార్డు అది.

రచయిత్రిని పిలిపించాను.

"మేడం, మీ అక్కగారు స్టేషనుకి ఎందుకు రాలేదో పుస్తకంలో ఎక్కడా లేదేమిటి? పాఠకులు అడుగుతారు కదా."

"నాకు తెలియదండి" అంది.

"అదేమిటి? ఆవిడ ఉన్నారా?"

"ఉంది. అదే ఇంట్లో, అదే మిషను ముందు. నెలకోసారి వెళ్తాను."

"మరి అడగలేదా?"

ఆవిడ చేతిసంచీ క్లిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. "ముప్పై మూడేళ్ళయిందండి. అడగాలని వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక బట్ట చేతిలో పెట్టి కాజాలు కుట్టమంటుంది. నాకూ భయమే. నువ్వంటే విసుగొచ్చింది, పీడ విరగడైందనుకున్నా అంటే? అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎవరైనా చదివి, మీ అక్క అందుకు రాలేదమ్మా అని చెబుతారేమోనని."

చూశారా! పదకొండేళ్ళ కష్టం, ఒక ప్రశ్న కోసం! ప్రశ్నలు మిగిల్చే పుస్తకాలు పాఠకులకి తలనొప్పి అని పాపం ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. జవాబు నేను రాసిపెడతానన్నాను.

"మా అక్క మీరనుకునేలా ఉండదండి" అంది.

"అదే కదా మేడం సమస్య!" అన్నాను చిరునవ్వుతో.

మరమ్మతు లేకుండా పుస్తకం అచ్చుకి పోదని తెలిశాక చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, సంతకం పెట్టింది. మా కుర్చీలో కూర్చున్న రచయితలందరూ చివరికి ఆ కిటికీలోంచి చూసేవాళ్ళే. అక్కడ కనబడేది పక్క బిల్డింగు గోడ.

నా జీవితంలో అంత మనసు పెట్టి ఏ పాత్రనీ బాగు చేయలేదు. అక్కకి నూట పద్నాలుగు చోట్ల చిరునవ్వు అతికించాను. మందహాసాలు అరవై, లేనగవులు ముప్పై, మిగతావి కళ్ళతో నవ్వినవి. "విప్పు" అన్న చోటల్లా "భేష్" అని మార్చాను. పెద్దమనిషి కొలతల చీటీ చూసి "మీరేం మారలేదండీ" అనిపించాను. ఆయన ప్యాంటు ఆయనకి పట్టదు, నిజమే. కానీ నవలలో ఎవరికి కావాలి ప్యాంటు?

జ్వరం పేజీలో మిషను తీసి వెనక గదిలోకి పంపించాను. అక్క తడిగుడ్డ వేసి, జోలపాట పాడింది. ఇక స్టేషను! అక్క వచ్చింది. పరుగున వచ్చింది. జుట్టు చెదిరింది. కదులుతున్న రైలు వెంట రుమాలు ఊపుతూ, చెప్పు తెగినా ఆగకుండా, ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తింది. ఈత కోచ్ ఆ పేజీ చదివి కొలను గట్టున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడట. ఎర్ర స్టిక్కర్లు సున్నా! పచ్చవి చాలక స్టేషనరీ షాపుకి మనిషిని పంపాల్సి వచ్చింది.

ఇక మిగిలింది ఒకే ఒక్క కాగితం. మా దగ్గర ఒక రూలుంది. బతికున్న మనిషిని చూసి రాసిన పాత్రయితే, ఆ అసలు మనిషి ప్రూఫు చదివి "అభ్యంతరం లేదు" అని సంతకం చేయాలి. రాసినవారు, రాయబడినవారు ఇద్దరూ ఒకే రోజు నా బల్ల ముందు కూర్చుని పెట్టాలి. పూర్వం ఈ కాగితంతో తలప్రాణం తోకకొచ్చేది. ఒక మామగారు తన ముక్కు అంత పొడుగు కాదని ఆరు నెలలు పుస్తకం ఆపాడు. మా విభాగం వచ్చాక ఆ గొడవే లేదు. తనని మంచివాడిగా చూపిస్తే కాదనే మనిషి ఎక్కడైనా ఉంటాడా?

"అక్కకి పంపకండి, నవలలు చదవదు" అని చెల్లెలు బతిమాలింది. "మీరు ఊరుకోండి మేడం, ఆవిడ ఫ్రేము కట్టించుకుంటారు చూడండి" అని, ప్రూఫులు నేనే కవర్లో పెట్టి, నేనే అడ్రసు రాసి పంపాను. వచ్చే మంగళవారం పదకొండింటికి ఇద్దర్నీ రమ్మన్నాను.

మంగళవారం పదకొండుకి ఐదు నిమిషాల ముందు రిసెప్షన్లోంచి ఫోను. "సార్, ఒకావిడ వచ్చారు. నా కాలరు తిరగబడిందన్నారు." అద్దంలో చూసుకున్నట్టుంది. "నిజంగానే తిరగబడింది సార్."

అరవై రెండేళ్ళ మనిషి. బక్కపలచన. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, ఇంట్లోంచి అలాగే వచ్చేసినట్టుంది. గుడ్డసంచీలోంచి ప్రూఫుల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రతి చిరునవ్వు మీదా నీలం సుద్దతో ఒక ఇంటూ మార్కు. నూట పద్నాలుగు! ఒక్కటీ వదల్లేదు. కంటితో నవ్విన వాటిని కూడా పట్టుకుంది.

చెల్లెలు అప్పటికే వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. అక్కని చూడగానే లేచి నిలబడింది. యాభై రెండేళ్ళ మనిషి కాస్తా గలేబు చేతిలో పట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్లయిపోయింది.

"ఎవరిదీ పనితనం?" అంది అక్క.

"నాదేనమ్మా" అన్నాను, నాకొచ్చిన వాటిల్లోకెల్లా మంచి చిరునవ్వుతో.

"ఇదెందుకు పేజీకోసారి పళ్ళికిలిస్తుంది? పంటి నొప్పా?"

"అది మందహాసం అమ్మా. పాఠకులకి మీరు నచ్చాలని..."

"వాళ్ళకి నేనెందుకు నచ్చాలి? బట్ట నప్పితే చాలదూ?"

నేను అలవాటు కొద్దీ తలూపాను. ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. "నేనెప్పుడు నిన్ను భేష్ అన్నానే? ఆ గలేబు చూసి భేష్ అనుంటే నీ చేతికి కుట్టు వచ్చేదా? ఒంకర టింకర పనికి అలవాటు పడితే రేపు ఆసుపత్రిలో ఎవరి ఎముక ఎటు చూపించేదానివి?"

"నేను రాయలేదక్కా అది" అంది చెల్లెలు నీళ్ళు నములుతూ.

"సంతకం నీదేగా?" అని పేజీలు తిప్పి, జ్వరం దగ్గర ఆగింది. "జోలపాటట! నా గొంతుకి ఉన్న జ్వరం కూడా పోదూ భయపడి? మిషను వెనక గదిలో పెట్టానని రాశారు. నువ్వైనా చెప్పొద్దూ? మిషను చప్పుడు ఆగితే చాలు, అక్క వెళ్ళిపోయిందని లేచి కూర్చుని ఏడ్చేదానివి. అందుకని నీ చెవి దగ్గర పెట్టుకుని మూడు రోజులు ఉత్త మిషను తొక్కాను."

"ఉత్త మిషనా?"

"కుట్టడానికి గుడ్డెక్కడుంది? నీకు జ్వరమని ఆ మూడ్రోజులూ ఎవరి బట్టలూ తీసుకోలేదు. సూదిలో దారం కూడా లేదు."

ఈ సంగతి చెల్లెలి రాతప్రతిలోనూ లేదు. పక్కన పడుకుని విన్న మనిషికే తెలియదంటే, ఎర్ర చుక్కలు పెట్టిన ఈత కోచ్‌కి ఏం తెలుస్తుంది?

అక్క ఎనభై ఏడో పేజీ తీసింది. దాని మీద చిన్న చిన్న గుర్తులేమీ లేవు. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే పెద్ద ఇంటూ.

"ఇది మొత్తం విప్పాలి. నేను స్టేషనుకి వెళ్ళలేదు."

"అదేనమ్మా" అన్నాను అందుకుని. "అది చదివి పాఠకులు బాధపడ్డారు. అందుకే మేము మిమ్మల్ని స్టేషనుకి..."

"వెళ్తే దీన్ని రైలెక్కనిచ్చేదాన్నా?"

నేను తలూపబోయి ఆగాను. పదిహేనేళ్ళ సర్వీసులో మొదటిసారి.

"చెయ్యి పట్టుకుని కిందకి లాగి ఇంటికి తీసుకొచ్చేసేదాన్ని" అంది అక్క, నాతోనే, చెల్లెలి వైపు చూడకుండా. "నా సంగతి నాకు తెలియదూ? అందుకే ఆ యూనిఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. వాటికి ఇంకా నెల గడువుంది. తలెత్తితే అయిపోయిందన్నమాటే. రైలు కూత వినబడ్డాక చూసుకుంటే, చొక్కా చేతులు రెండూ ఒకే పక్క కుట్టేసి ఉన్నాను."

"ముప్పై మూడేళ్ళు, అక్కా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నువ్వడిగావా?"

అడగలేదు. అడగలేదని నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. చెల్లెలు బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నేను అతికించిన నూట పద్నాలుగులో అలాంటిది ఒక్కటీ లేదు. అక్క ఆవిడ మోచేతి కింద నుంచి ప్రూఫులు మెల్లగా లాగి, "కాగితాలు తడుస్తాయి, చూసుకో" అంది. చెయ్యి మాత్రం చెల్లెలి వీపు మీద ఉంచి, అక్కడ కోటుకి ఊడిన కుట్టు ఒకటి ఉందేమో, దాన్నే నిమురుతూ కూర్చుంది.

ఇప్పుడు చెప్పండి! ఇదంతా ఎవరి చలవ? నేను తప్పు జవాబు రాయబట్టే కదా ఆవిడ ఒంటికి కారం రాసుకున్నట్టు పరిగెత్తుకొచ్చి ఒప్పు జవాబు చెప్పింది? ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసి పంపితే, చదివి "ఊఁ" అని పక్కన పెట్టి కాజాలు కుట్టుకునేది. కాబట్టి పాత్రల మరమ్మతు విభాగం మానవాళికి వరమని మరోసారి రుజువైంది. ఈ మాట పెద్దాయనకి రాసిన రిపోర్టులో కూడా రాశాను.

చెల్లెలు ముఖం కడుక్కొచ్చి, అక్కడే కూర్చుని, పాత రాతప్రతి తెప్పించుకుని, ఎనభై ఏడో పేజీ చివర పెన్సిలుతో ఒక వాక్యం చేర్చింది. అక్క ఎందుకు రాలేదో చెప్పే వాక్యం. చదివి అక్క చేతికిచ్చింది. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, పెన్సిలు తీసుకుని, "ఇది ఎక్కువైంది. విప్పు" అంది.

"చదివేవాళ్ళకి అర్థం కావాలి కదమ్మా?" అన్నాను.

"మిషను మంచం పక్కకి ఎందుకు ఈడ్చుకొచ్చానో అర్థమైనవాళ్ళకి ఇదీ అవుతుంది. కానివాళ్ళకి రుమాలు ఊపినా కాదు."

చెల్లెలు ఆ వాక్యం కొట్టేసింది. ఆ తర్వాత అక్క మొత్తం పాత ప్రతి కింద, అరవై మూడు విప్పులతో సహా, అభ్యంతరం లేదని సంతకం చేసింది. కాబట్టి ఆ వాక్యం పుస్తకంలో ఉండదు. మీకు మాత్రం నేను చెప్పేశాను. ఏం చేయను, నా బుద్ధి అలాంటిది.

మరి మూడువందల పన్నెండు ఎర్ర స్టిక్కర్లున్న పుస్తకం అచ్చుకెలా పోయిందంటారా? "మరమ్మతు పూర్తయింది" అని ముద్ర వేసి పంపించాను. పెద్దాయన పుస్తకాలు చదవడు, ముద్రలు చదువుతాడు. నన్ను పట్టివ్వకండి.

వెళ్ళబోతూ అక్క గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది. టేపు మెడలోంచి చేతిలోకి వచ్చింది.

"ఆ చొక్కా ఎవరు కుట్టారు?"

"ఎందుకమ్మా? అందరూ బాగుందంటారు."

"నీ ఎడమ భుజం వేలెడు కిందకి ఉంది. కుట్టినవాడు ఆ పక్క పైకి పట్టాలి. పట్టలేదు. అందుకే నువ్వు పక్కకి వాలిపోయి ఎవరికో లొంగిపోతున్నట్టు ఉన్నావు. ఎవరూ చెప్పలేదా నీకు?"

ఎవరూ చెప్పలేదు. చెల్లెలు దగ్గరికొచ్చి నా మెడ కింద ఎముకని వేలితో తడిమి, "రేపు పొద్దున మా దగ్గరికి రండి, ఒక ఎక్స్‌రే తీద్దాం" అంది. వెళ్ళాను. చిన్నప్పుడెప్పుడో గోడ మీంచి పడి విరిగిన ఎముక, వంకరగా అతుక్కుందట. పడిన రోజు బాగా గుర్తుంది. చుట్టూ మూగిన వాళ్ళంతా "ఏం కాలేదు, బంగారంలా ఉన్నావు" అన్నారు.

అక్క నాకు చొక్కా కుట్టింది. మూడుసార్లు తిప్పించుకుంది. కదలకు అంది, ఊపిరి బిగబట్టకు అంది, ఊరికే తలూపకు కొలత తప్పుతుంది అంది. నాలుగోసారి అది తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఎదురుగా ఎవడో నిటారుగా నిలబడి ఉన్నాడు. కాస్త భయమేసింది.

మర్నాడు అదే చొక్కాతో ఆఫీసుకి వెళ్ళాను. లిఫ్టులో ఎవరూ ఏమీ అనలేదు. రిసెప్షనిస్టు గుడ్లప్పగించి చూసి, "అయ్యో సార్, మీ వినయం ఏమైంది?" అంది. మధ్యాహ్నానికల్లా నాకు పొగరెక్కిందని అన్ని అంతస్తులకీ పాకింది. నా బల్ల మీద ఎవరో ఒక ఎర్ర స్టిక్కరు కూడా అంటించి వెళ్ళారు. నేను దాన్ని తీయలేదు.

కాబట్టి నా వాదనలో మార్పేమీ లేదు. నవలల్లో నచ్చని మనుషులు ఉండకూడదు. ఉంటే చదివినవాళ్ళు వాళ్ళలాంటి వాళ్ళని బయట వెతుక్కుంటారు. అదెంత ప్రమాదం! ఒక్క చిన్న సందేహం మాత్రం మిగిలిపోయింది. పదిహేనేళ్ళుగా లిఫ్టులో ఎదురుపడి, నన్ను కళ్ళారా చూసి, "మీ చొక్కా ఎంత బాగుందో" అంటూ వచ్చిన నా మంచి మిత్రులారా, మీ అందరికీ నా భుజం కనబడుతూనే ఉందిగా?